పుస్తకం వైపు పడ్డ రెఫరీ

మా రెఫరీ మావ పోయాడన్న సంగతి నాకు హుగ్లీ మధ్యలో, లాంచీలో ఉండగా ఫోన్లో తెలిసింది. హౌరా ఘాట్‌లో ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి చూపించుకోడానికి పోతున్నాను. అత్త, అంటే ఆయన భార్య, ఏడవకుండా చెప్పింది. విన్నాక ఏం చేయాలో తోచక లేచి నిలబడ్డాను. పక్కనున్న బెంగాలీ పెద్దమనిషి ఘాట్ వచ్చేసిందనుకుని సంచీ, గొడుగూ సర్దుకుని ఆయనా లేచాడు. ఆయన్ని చూసి వెనక బెంచీవాళ్లు లేచారు. నది మధ్యలో వానజల్లు కొడుతుంటే అంతమందిమి నిలబడి, రాని ఒడ్డు కోసం చూశాం.

మావ ఉంటే సంతోషించేవాడు. ఆయన లాంచీలో కూర్చునేవాడు కాదు. లాంచీలోనే కాదు, బస్సులో, పెళ్లిపందిట్లో, పరామర్శకి వెళ్లిన ఇంట్లో కూడా అంతే. ఆట నడుస్తుండగా రెఫరీ కూర్చోకూడదు అనేవాడు. ఇప్పుడు ఆట ఎక్కడ నడుస్తోంది మావా అని అడిగితే, ఎక్కడో ఒక చోట నడుస్తానే ఉంటాది గదా అనేవాడు.

ఆయన ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. పేరుతో పిలిస్తే చుట్టరికం మొదలవుతుందట, చుట్టరికం వస్తే విజిల్ ఆలస్యంగా మోగుతుందట. ఒంటి మీద ఏది కనపడితే అదే పేరు. నేను ఆయనకి ‘గళ్ల లుంగీ’ని. నా పెళ్లిలో సూటు వేసుకుంటే "ఒరే అద్దె కోటూ" అని పిలిచాడు, ఆడపెళ్లివారందరి ముందూ. అది అద్దెదేనని అప్పటిదాకా వాళ్లకి తెలీదు. టికియాపారాలో మా తెలుగువాళ్ల వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఇదే మర్యాద. సొంత భార్య ‘హోమ్ టీమ్’. పేరుకే హోమ్ టీమ్‌నని, ఒక్క పెనాల్టీ తన వైపు ఇచ్చిన పాపాన పోలేదని అత్త గొణిగేది. ఆయన ఎవరి పేరూ పలకలేదు గనక నేనూ ఆయన పేరు ఇక్కడ రాయను.

రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆదివారం రైల్వే గ్రౌండులో ఒక పారాకీ, అంటే పేటకీ, ఇంకో పారాకీ జరిగే ఫుట్‌బాల్ మ్యాచిల్లో విజిల్ ఆయనది. సన్నటి కాళ్లు, మోకాళ్ల దాకా నల్ల నిక్కరు, మణికట్టు లోపలి వైపు తిప్పి పెట్టుకున్న వాచీ. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక్కి నడిచేవాడు, బంతికి వీపు చూపించకూడదని. బంతి లేని చోట కూడా అదే అలవాటు. చేపల బజారులో బుట్టల మధ్య అలా వెనక్కి నడుస్తూ పోతుంటే, చేపలమ్మే మాషీ కత్తిపీట పక్కకి లాక్కుని, ఈ ముసలాడికి కళ్లు వీపునున్నాయా అని తిట్టేది.

చూడని దాని మీద మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేను నడిపే బ్యాటరీ రిక్షాకి, అదే టోటోకి, ఒక సైకిలువాడు అడ్డం వచ్చి పడ్డాడు. జనం పోగయ్యారు. తప్పు వాడిదేనని వీధి మొత్తానికి తెలుసు. సరిగ్గా అప్పుడే మావ అటు వస్తుంటే, నా ప్రాణం లేచొచ్చింది, చెప్పు మావా అన్నాను. నాను సూళ్లేదు అన్నాడు. నువ్వు నన్ను ఎరగవా అన్నాను. నిన్ను ఎరుగుదును, దెబ్బ సూళ్లేదు అని చెప్పి వెళ్లిపోయాడు.

అత్త తమ్ముడు మా తెలుగు టీముకి గోల్‌కీపరు. దుర్గాపూజ ముందు జరిగే టోర్నమెంటు ఫైనల్లో ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగాడని మావ అతన్ని బయటికి పంపేశాడు. మేం ఓడిపోయాం. బావమరిది కొన్నేళ్లపాటు వాళ్ల గడప తొక్కలేదు. తమ్ముడికి ఇష్టమని అత్త రొయ్యలు వండి పక్కింటివాళ్ల చేతికి ఇచ్చి పంపేది. గిన్నె తన ముందు నుంచే వెళ్తున్నా మావ ఏమీ అనేవాడు కాదు. అది ఫౌలు కాదు మరి.

నాకు జరిగింది ఇంకా అన్యాయం. నేను ఆరో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణి. కాళ్లకన్నా నోరు బాగా ఆడుతుంది. ఒకడు మా మీద పెనాల్టీ కొట్టబోతుంటే, వాడి పెళ్లిచూపుల సంగతి చిన్నగా కదిపాను. వాడు నవ్వుతూ తన్నిన తన్నుకి బంతి పట్టాల అవతల పడింది. మావాళ్లు నన్ను భుజాలకెత్తుకోబోతుండగా విజిల్ మోగింది. మళ్లీ కొట్టమన్నాడు మావ. నోటితో చేసినా ఫౌలు ఫౌలే అన్నాడు.

ఆ విజిల్‌కీ ఈ నోటికీ ఒకటే జబ్బు వచ్చింది. పెద్దపేగులో క్యాన్సర్. ముందు ఆయనకి, తర్వాత నాకు. ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్లు, ఒకే హాల్లో కీమో. పక్కపక్కనే పడుకోబెట్టి మందు ఎక్కిస్తుంటే, నీకూ నాకూ ఒకటే లీగు పడ్డాది అన్నాడు. సిస్టర్ అటు తిరగ్గానే లేచి సెలైన్ స్టాండు పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ ఇటు తిరిగి అరిచేది. మొత్తం కీమో అంతా వాళ్లిద్దరికీ అదే పని.

కీమో అయిపోయాక ఒక డాక్టర్ దిదీ మా దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఆవిడ ఆటగాళ్ల మోకాళ్లూ చీలమండలూ చూసేదట. ఇప్పుడు క్యాన్సర్ డాక్టర్లతో కలిసి ఒక పరిశోధన చేస్తోంది. చికిత్స అయిన వాళ్లలో సగం మందిని ఒక ట్రైనర్‌కి అప్పగించి వేగంగా నడిపిస్తారు, మెట్లెక్కిస్తారు. మిగతా సగానికి తిండీ నిద్రా ఒంటి జాగ్రత్తలూ చెప్పే పల్చటి పుస్తకం ఒకటి ఇస్తారు. కొన్నాళ్లు పోయాక రెండు వైపుల వాళ్లూ ఎలా ఉన్నారో పోల్చి చూస్తారు. బయటి దేశాల్లో ఇలా నడిపిస్తే మేలు కనిపిస్తోందంటున్నారు, మన మనుషులకి, మన ఎండకి, మన ఇరుకు ఇళ్లకి ఎలా ఉంటుందో చూడాలి అంది. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, మీకు జరిగే వైద్యం ఎలాగూ జరుగుతుంది అని కూడా చెప్పింది. ఎవరికి ఏ వైపు అన్నది కంప్యూటరు తేలుస్తుందట. అది తన చేతిలో కూడా ఉండదట.

మావ మొహం వెలిగింది. అంటే టాసన్నమాట అన్నాడు. టాసే కాకూ అంది ఆవిడ. బెంగాలీలో బాబాయ్ అన్నట్టు.

నాకు నడక పడింది. ఆయనకి పుస్తకం పడింది.

వీధి కుళాయి దాకా పోవాలన్నా టోటో తీసే మనిషిని నేను. పొద్దస్తమానం ఆ బండి మీద కూర్చునే బతుకుతాను. ఆయనేమో ఆపరేషన్ కుట్లు మాని, డాక్టరు సరేననగానే గ్రౌండు చుట్టూ మెల్లగా పరుగు మొదలెట్టినవాడు. కంప్యూటరు నాకన్నా వేళాకోళం మనిషి అనుకున్నాను. మార్చుకుందాం మావా, నా ట్రైనర్‌ని నువ్వు తీసుకో, నీ పుస్తకం నాకివ్వు, ఎలాగూ నేను చదవను అన్నాను. ఆయన నవ్వలేదు.

"టాస్ పడ్డాక కేప్టెన్లు సైడ్లు మార్చుకుంటారేటి?" అన్నాడు.

ఆ రోజు తిరుగు లాంచీలో ఆయన కూర్చున్నాడు.

అలిసిపోయాడనుకున్నాను. మర్నాడు గ్రౌండుకి రాలేదు. ఆదివారం మ్యాచికి విజిల్ ఇంకొకరికి ఇచ్చి పంపాడు. ఏమైందోనని ఇంటికి వెళ్తే, మంచం మీద కాళ్లు వేలాడేసుకుని, కిటికీలోంచి రైళ్లు చూస్తున్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఒంటికేటి, బాగానే ఉన్నాది. నాకు ఆట లేని వైపు పడ్డాది గదా. నాను పరిగెడితే రెండు టీములూ ఒకటే రంగు సొక్కా ఏసుకున్నట్టు. మరి ఎవలు గెలిసినారో ఆ పిల్లకెలగ తెలుస్తాది?"

మానమని ఆవిడ అనలేదు మావా, మామూలుగా ఉండమంది అన్నాను. మామూలంటే అందరి మామూలు, నా మామూలు పరుగు, అది మీ వైపు సరుకు అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాడు మా పారాలో లేడు. నేనూ గెలవలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను ట్రైనర్ దగ్గర్నుంచి రాగానే కబురు పెట్టేవాడు, ఇయ్యాల ఏటి సేయించినారు అని. నేను అసలే వాగుడుకాయని. చేతులూపి, మెట్లెక్కి చూపించి మరీ చెప్పేవాణ్ణి. వేగంగా నడిపించారన్నాను. ఆయన బజారుకి వెళ్లడం మానేశాడు. మెట్లెక్కించారన్నాను. వాళ్లది పై అంతస్తు, ఆసుపత్రికి తప్ప కిందికి దిగడం మానేశాడు. నీళ్ల సీసాలు చేతికిచ్చి ఎత్తించారన్నాను. అప్పటిదాకా ఆయన మోసే నీళ్ల బకెట్టు అత్త చేతికి వెళ్లిపోయింది. నేను ఏది నేర్చుకుంటే ఆయన అది వదిలేస్తున్నాడని నాకు తెలిసేసరికి, నా పిక్కలు గట్టిపడ్డాయి, ఆయన తొడలు కరిగిపోయాయి. జారిపోతున్న నిక్కరుకి అత్త నాడా కుట్టింది.

నాకు భయం పట్టుకుంది. ఒకరోజు అడిగితే, ఇవాళేమీ లేదు మావా, ఊరికే కూర్చోబెట్టి ఊపిరి పీల్చమన్నారంతే అన్నాను. అన్నాక తట్టింది. ఈయన అది కూడా మానేస్తే?

మావ నా మొహంలోకి చూశాడు. చొక్కా పట్టుకుని లాగినవాణ్ణి చూసే చూపు. అబద్ధమని తెలిసింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఇంట్లో పగటిపూట పడుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

అత్త మొదట్లో సంబరపడింది. ఇన్నాళ్లకి మొగుడు ఇంట్లో దొరికాడని చిక్కుడుకాయలు ముందు పోసి ఈనెలు తియ్యమంది. కొన్నాళ్లు పోయాక ఒక మధ్యాహ్నం వచ్చి నా టోటోలో కూర్చుంది. ఎక్కడికత్తా అంటే చెప్పదు. సరే అని బండి తీశాను. స్టేషన్ రోడ్డు మలుపు తిరిగాక అంది.

"నిన్న స్నానాల గది కాణ్ణించి మంచం దాకా గోడ పట్టుకుని వచ్చినాడు. జబ్బు సేసినప్పుడు కూడా గోడ పట్టుకోలేదు బావూ. నువ్వా డాక్టరమ్మకి సెప్పు."

నువ్వే చెప్పొచ్చు కదా అన్నాను.

"నాను సెప్తే హోమ్ టీమ్ కంప్లైంటంటాడు."

చెప్పడమంటే మావ దగ్గర మామూలు నేరం కాదు. ఒక ఆటగాడు ఇంకొకడి మీద వేలు చూపించి చాడీ చెప్తే, ముందు చెప్పినవాడికే పసుపు కార్డు ఇచ్చేవాడు. బావమరిదికి ఏమైందో నేను చూశాను. నాతో మాట్లాడడం మానేస్తాడు, అది ఎలాగో భరిస్తాను. అసలు ఆయన్ని ఆ పరిశోధనలోంచి తీసేస్తే? బతుకులో పడ్డ ఆఖరి టాస్‌కి అంత విలువిచ్చిన మనిషిని గ్రౌండు బయటికి పంపినట్టే. చెప్పకపోతే, ఎవరూ అడగని త్యాగం చేస్తూ ఆ మంచం మీదే మనిషి కరిగిపోతాడు. టోటోలో ఎక్కినవాళ్లు, ఏం దాదా, ఇవాళ కబుర్లు లేవా అని అడుగుతున్నారు. నాకు ఒక్క కబురూ రావడం లేదు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లే రోజు వచ్చింది. ఆ రోజు రెండు వైపుల వాళ్లకీ నడక పరీక్ష. పొడవాటి వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి కాసేపు నడవమంటారు, ఎంత దూరం నడిచామో కొలుస్తారు. ముందు నా వంతు అయింది. చెమట తుడుచుకుంటూ వచ్చి డాక్టర్ దిదీ పక్కన నిలబడ్డాను. వరండా మొదట్లో మావ ప్యాంటు పైకి లాక్కుంటూ తన వంతు కోసం చూస్తున్నాడు.

నాకొచ్చిన బెంగాలీలో, గొంతు తగ్గించి, మొత్తం చెప్పేశాను. ఆవిడ మొదట నా వాలకం ఎరిగినదై నవ్వడానికి సిద్ధపడింది. మెట్ల మాట దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. బకెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నన్ను చూడడం లేదు, వరండా వైపు చూస్తోంది. అప్పటికే అక్కడ స్టార్ట్ అన్నారు. మావ బయల్దేరాడు.

మొదట బాగానే నడిచాడు, తల నిటారుగా పెట్టుకుని. ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చాక కుడిచెయ్యి గోడ వైపు జరిగింది. గోడని ముట్టుకోవడం లేదు. దానికి బెత్తెడు దూరంలో చెయ్యి గాల్లో పట్టుకుని నడుస్తున్నాడు, గోడకి ఆ సంగతి తెలియకూడదన్నట్టు. పెదాలు తెల్లబడ్డాయి. దిదీ గబగబా ఎదురువెళ్లి, చాలు కాకూ, ఆపేద్దాం అంది. ఆయన తల అడ్డంగా ఊపి ఆవిడ పక్కనుంచి నడిచాడు. ఇంకో నాలుగడుగులు వేశాడేమో, చెయ్యి గోడకి తగిలింది. తర్వాత భుజం తగిలింది. ఎవరో కుర్చీ తెచ్చారు. అందులో మావని కూర్చోబెట్టింది నేనే. ఆయన బరువు అంత తక్కువుంటుందని నేను అనుకోలేదు.

ఊపిరి కుదుటపడేదాకా ఆవిడ నాడి పట్టుకుని కూర్చుంది. తర్వాత, పరుగు మానమని మీకెవరు చెప్పారు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నాకు పడ్డ వైపు అది అన్నాడు. మీకు పడ్డది కూర్చునే వైపు కాదు కాకూ, ట్రైనర్ లేని వైపు అంది ఆవిడ. ట్రైనర్ లేకుండా మనుషులు ఎవరి బతుకు వాళ్లు ఎలా బతుకుతారో చూసే వైపు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తాలి, బద్ధకస్తులు బద్ధకంగా ఉండాలి. మీరు మీలా ఉండకపోతే వీళ్లని నేను దేనితో పోల్చుకోను, అని నన్ను చూపించింది. మొదటిరోజే ఇది మీకు విడమరిచి చెప్పాల్సింది, తప్పు నాది అంది.

మావకి మా అందరికన్నా బెంగాలీ బాగా వచ్చు. ఆ పూట మాత్రం తెలుగులో అన్నాడు.

"అయితే ఇన్నాళ్లూ నాను తప్పాట ఆడినాను. నా ఆట లెక్కలో ఉండకూడదు. నన్ను తీసీమని సెప్పు."

 ఆ మాట ఆవిడకి బెంగాలీలో చెప్పాను. తియ్యను అంది ఆవిడ. ఎవరికి ఏ వైపు పడిందో వాళ్లు ఆ వైపు లెక్కలోనే ఉంటారు, చెప్పినట్టు చేసినా, చెయ్యకపోయినా, పొరపాటు పడినా. నా లెక్కకి కుదరనివాళ్లని ఒక్కొక్కర్నే తీసుకుంటూ పోతే చివరికి నాకు కావలసిన గెలుపే మిగులుతుంది కదా కాకూ అంది. మీరు కూర్చున్న రోజులు కూర్చున్నట్టే రాస్తాను అంది.

 తనకన్నా గట్టి రెఫరీ మావకి తగలడం అదే మొదటిసారి. మర్యాదకి లేవబోయాడు గానీ మోకాళ్లు లేవలేదు. ఆవిడ, ముందు మెల్లగా నడక, మీ ఒంటికి తోచినట్టు, వీళ్ల ట్రైనర్ పద్ధతులు అడగొద్దు, పరుగు సంగతి నేను చూసి చెప్తాను అంది. ఆయన తల ఊపాడు. తిరుగు లాంచీలో చాడీకి తిట్టు పడుతుందని ఎదురు చూస్తూ ఆయన పక్కన కూర్చున్నాను. పడలేదు. పడితే బాగుండుననిపించింది.

తర్వాత మావకి జబ్బు కాలేయంలో తిరగబెట్టినప్పుడు, అలా కూర్చోవడం వల్లేనా అని మా వీధిలో నన్ను అడగనివాళ్లు లేరు. నేను డాక్టర్ దిదీని అడిగాను. తెలీదు అంది. ఒక్క మనిషిని చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు, అందుకే ఇంతమందిని చూస్తున్నాం అంది. ఆ మాటకి నాకు చాలా కోపం వచ్చింది, టోటో దాకా ఆవిడని తిట్టుకుంటూనే వచ్చాను. పరిశోధన ఇంకా నడుస్తోంది. ఏ వైపు గెలిచిందో ఎవరికీ తెలీదు.

ఆయన గుర్తొస్తే నాకు మాత్రం ఆ వరండా గుర్తు రాదు. దాని మర్నాటి పొద్దున్న గుర్తొస్తుంది.

చలికాలం. గ్రౌండు నిండా పొగమంచు. నా నడక కోసం వెళ్తే, గేటు దగ్గర అత్త శాలువా కప్పుకుని నిలబడి ఉంది. లోపల గీత పక్కన మావ. మెట్ల మీద కూర్చుంటూ, ఒక్కో మెట్టే జరుగుతూ దిగాడని అత్త గుసగుసగా చెప్పింది. నేను ఏదో వేళాకోళం ఆడబోయాను. ఆయన వేలు చూపించి ఆపాడు.

"సూడు గళ్ల లుంగీ. గ్రౌండు ఒకటే గానీ నీ ఆట నీది, నా ఆట నాది. నా కోసం నడక తగ్గించినావంటే నీ లెక్క పాడైపోద్ది. ఎనక్కి సూడకు. ఎల్లు."

వెళ్లాను. ట్రైనర్ చెప్పిన వేగంతోనే వెళ్లాను. వెనక ఆయన చెప్పులు నేలకి రాసుకునే చప్పుడు కొంతసేపు వినపడింది, తర్వాత మంచులో కలిసిపోయింది. వెనక్కి చూడొద్దన్నాడు గనక చూడలేదు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. పట్టాల వైపు మలుపు తిరిగేటప్పుడు ఏదో దబ్బున పడ్డ చప్పుడైంది. రైలు పెట్టెలు తగిలించే చప్పుడని నాకు నేనే చెప్పుకున్నాను. కాళ్లు పరుగందుకుంటామంటున్నాయి, నడక తప్పకూడదని పళ్లు బిగించుకుని నడిచాను.

చుట్టు తిరిగి గేటు దగ్గరికి వచ్చాను. ఆయన్ని వదిలిన చోట ఆయన లేడు. నేల మీద చూశాను. లేడు. అత్త నోటికి శాలువా అడ్డం పెట్టుకుని ఎటో చూస్తోంది. ఆవిడ చూపు పట్టుకుని ముందుకి చూశాను. నేను వెనక వెతుకుతున్న మనిషి నాకు ముందున్నాడు. నేను చుట్టంతా తిరిగొచ్చేలోపు గోల్‌పోస్టు దాకా నడిచి, దాని వెదురు కర్ర పట్టుకుని వంగి, రొప్పుతున్నాడు. నా కాళ్లు వాటంతట అవే నెమ్మదించాయి.

ఆయన తలెత్తాడు.

"ఏటలా సూస్తావు? నడు."

ఆయన పక్కనుంచి, వేగం తగ్గించకుండా, ఒక్క వేళాకోళం మాట కూడా అనకుండా నడిచి వెళ్లాను.